సూపర్‌వైజర్ స్థాయి నుంచి మేనేజర్ స్థాయికి: ఉద్యోగం చేస్తూనే మేనేజ్‌మెంట్ అర్హత పెంచుకోవడం ఎలా?

ఐటీఐతోనో, పాలిటెక్నిక్ డిప్లొమాతోనో, మామూలు డిగ్రీతోనో ఉద్యోగంలో చేరి, కొన్నేళ్లకు షిఫ్ట్ ఇన్‌ఛార్జిగానో, స్టోర్స్ సూపర్‌వైజర్‌గానో, ఫ్లోర్ మేనేజర్‌గానో ఎదిగిన పాఠకులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "పని మొత్తం మేమే నడిపిస్తున్నాం, కానీ ప్రమోషన్ దగ్గరకు వచ్చేసరికి మేనేజ్‌మెంట్ క్వాలిఫికేషన్ లేదంటున్నారు. ఇప్పుడు ఏం చదవాలి?" దీనికి చాలామంది కోర్సు పేరుతో జవాబు చెబుతారు. ఆ జవాబు సగం మందికి పనికిరాదు. ఒకే ఎంబీఏ పట్టా ఒక కంపెనీలో మేనేజర్ హోదా తెచ్చిపెడుతుంది, మరో సంస్థలో దరఖాస్తు పరిశీలన దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో కోర్సుతో కాకుండా మీరు కోరుకుంటున్న పోస్టుతో మొదలుపెట్టి, పట్టా చేతికి వచ్చి రికార్డుల్లోకి ఎక్కే వరకు ఒక్కొక్క మెట్టు వివరిస్తున్నాను. ఇందులో చెప్పినవన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉద్యోగం చేస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. విదేశాల్లో ఉన్నవారికి సంబంధించిన సంగతులు చివర్లో ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

• పదో తరగతి మెమో, ఇంటర్ లేదా డిప్లొమా మెమోలు, డిగ్రీ ఉంటే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా). వీటన్నింటినీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.
• మీ ప్రస్తుత ఫోన్ నంబరుతో అనుసంధానమైన ఆధార్.
• చేరిన తేదీ, హోదా, చేస్తున్న పని స్పష్టంగా రాసి ఉన్న అనుభవ పత్రాలు. "మా సంస్థలో పనిచేస్తున్నారు" అని ఒక్క ముక్క రాసిచ్చిన కాగితం ఎందుకూ పనికిరాదు.
• మీ సంస్థ ప్రమోషన్ పాలసీ లేదా సర్వీసు నిబంధనల ప్రతి.
• సమయం. దీని గురించి కాస్త లెక్క వేసి చూడాలి. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల అభ్యాసం. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి 120 గంటలు, సెమిస్టర్‌కు అలాంటివి నాలుగు ఉంటే 480 గంటలు. 24 వారాలకు పంచితే వారానికి 20 గంటలు వస్తుంది. ఉద్యోగం చేసేవారిలో అంత సమయం పెట్టగలిగేవారు తక్కువే. అయితే వారానికి పది గంటలైనా కేటాయించలేని పరిస్థితిలో ఉంటే ఈ ఏడాది చేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

1. పోస్టును ముందు ఖాయం చేసుకోండి

మీరు చేరాలనుకుంటున్న హోదాకు సంబంధించిన ఉద్యోగ ప్రకటనలను కనీసం పది సేకరించండి. వాటిలో మీ సంస్థలో అంతర్గతంగా ఇచ్చిన సర్క్యులర్ ఒక్కటైనా ఉండేలా చూడండి. ప్రతి ప్రకటనలో అర్హత గురించి రాసిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒక కాగితం మీద రాసుకోండి. మీ మాటల్లోకి మార్చి రాసుకుంటే అసలు మెలిక కనిపించకుండా పోతుంది.

ఆ వాక్యాల్లో మీరు వెతకవలసింది ప్రధానంగా ఒక్క సంగతి: "ఫుల్ టైమ్, రెగ్యులర్" అన్న షరతు ఉందా, లేదా? యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు సాంప్రదాయిక డిగ్రీలతో సమానమే. అయినా చాలా ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఎగ్జిక్యూటివ్ నియామకాలకు రెగ్యులర్ విధానంలో చదివి ఉండాలని అడుగుతున్నాయి. చట్టపరంగా సమానమన్న మాటను నమ్ముకుని దూరవిద్యలో చేరినవారు ఆ షరతు దగ్గర చిక్కుకుంటారు. ప్రైవేటు సంస్థల్లో ఈ పట్టింపు తక్కువ. అదే సంస్థలో లోపలి ప్రమోషన్‌కైతే ఇంకా తక్కువ.

కొన్ని పోస్టులకు అర్హతను కంపెనీ కాక చట్టమే నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీలలో సేఫ్టీ ఆఫీసర్, వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టులు అలాంటివి. సేఫ్టీ వైపు వెళ్లదలచినవారికి ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, నిర్ణీత అనుభవం, వాటితోపాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అవసరమవుతాయి. ఈ దారిలో వెళ్లేవారికి ఎంబీఏ మీద పెట్టే డబ్బు వృథా. వారు ఈ వ్యాసంలో నాలుగో మెట్టు, ఆరో మెట్టు చదివితే చాలు.

2. మీరు ఇప్పుడున్న మెట్టు ఏమిటో తేల్చుకోండి

మేనేజ్‌మెంట్‌లో పీజీ చేయాలంటే కింద డిగ్రీ ఉండి తీరాలి. ఎంత అనుభవం ఉన్నా దీనికి మినహాయింపు లేదు. "పదిహేనేళ్ల అనుభవం ఉంది కాబట్టి డిప్లొమాతోనే ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ ఇప్పిస్తాం" అని ఎవరైనా చెబితే అక్కడితో మాటలు ముగించండి.

ఐటీఐ మాత్రమే ఉన్నవారు: తెలంగాణలో ఎల్‌పీసెట్ ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అది కుదరకపోతే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) లేదా రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ స్థాయి పూర్తి చేసి డిగ్రీకి వెళ్లవచ్చు. దూరం ఎక్కువే కానీ దగ్గరి దారి లేదు.

డిప్లొమా ఉన్నవారు: మీ ముందు రెండు దారులున్నాయి. సాంకేతిక విభాగంలోనే ఉండి ప్లాంట్ మేనేజర్ వరకు వెళ్లాలనుకుంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం మొదటిది. ఉద్యోగం మానలేనివారి కోసం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) 2023-24 నుంచి కొన్ని కళాశాలల్లో వర్కింగ్ ప్రొఫెషనల్స్ బ్యాచ్‌లకు అనుమతి ఇస్తోంది, వేళలు ఉద్యోగానికి అనువుగా ఉంటాయి. మీకు దగ్గరలో అలాంటి కళాశాల ఉందేమో కనుక్కోండి. కొనుగోళ్లు, స్టోర్స్, హెచ్‌ఆర్, సేల్స్ వంటి విభాగాలవైపు మళ్లాలనుకుంటే బీబీఏ, బీకామ్, బీవోక్ (వృత్తివిద్యా డిగ్రీ) వంటి మూడేళ్ల డిగ్రీ రెండోది. పదో తరగతి తర్వాత చేసిన మూడేళ్ల డిప్లొమాను ఇంటర్‌కు సమానంగా తీసుకుంటారో లేదో ఆయా విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లో ముందే చూసుకోండి. దూరవిద్యలో బీటెక్ మాత్రం లేదు. ఇంజనీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్య పద్ధతిలో నడపడాన్ని యూజీసీ అనుమతించడం లేదు.

బీవోక్ గురించి సందేహపడేవారు ఎక్కువ. యూజీసీ 2014లో ప్రారంభించిన ఈ డిగ్రీ, యూజీసీ చట్టం సెక్షన్ 22 కింద నిర్దేశించిన డిగ్రీలలో ఒకటి. ఏదైనా డిగ్రీ అర్హతగా అడిగే పోటీ పరీక్షలకు ఇది చెల్లుతుంది. అలాగే బీబీఏలో రిటైల్, లాజిస్టిక్స్ వంటి విభాగాల్లో అప్రెంటిస్‌షిప్‌తో కలిపి నడిచే డిగ్రీలు కూడా ఇప్పుడు ఉన్నాయి. కానీ అవి చదువు పూర్తయి ఉద్యోగంలోకి రాబోయే పిల్లల కోసం రూపొందించినవి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న మీకు అంతగా సరిపోవు.

డిగ్రీ ఉన్నవారు: ఐసెట్ రాసి రెగ్యులర్ ఎంబీఏ చేయవచ్చు, దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో ఎంబీఏ చేయవచ్చు, లేదా ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా) చేయవచ్చు. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తెలంగాణ ఐసెట్‌లో అనలిటికల్ ఎబిలిటీ 75, మ్యాథమెటికల్ ఎబిలిటీ 75, కమ్యూనికేషన్ ఎబిలిటీ 50. జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం మార్కులు ఉండాలి.

బీటెక్ చేసి పదేళ్లకు పైగా అనుభవం ఉన్నవారు మాత్రం ఆగి ఆలోచించండి. పేరు తెలియని సంస్థ నుంచి తెచ్చుకున్న ఎంబీఏ కంటే, ప్రాజెక్టులు నడిపేవారికి పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) వంటి వృత్తిపరమైన ధ్రువీకరణ ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి 36 నెలల ప్రాజెక్టు నాయకత్వ అనుభవం, డిగ్రీ లేనివారికి 60 నెలల అనుభవం అడుగుతారు. ఇద్దరికీ 35 గంటల శిక్షణ తప్పనిసరి. డిప్లొమాతోనే పైకి వచ్చినవారికి తలుపు తెరిచి ఉంచిన అరుదైన అర్హతల్లో ఇదొకటి.

3. చదవగలరో లేదో తక్కువ ఖర్చుతో పరీక్షించుకోండి

చదువు మానేసి పదేళ్లయినవారు ఒక్కసారిగా రెండేళ్ల కోర్సుకు ఫీజు కట్టేయడం నేను సిఫారసు చేయను. ముందుగా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం'లో, ఐఐటీల ఉమ్మడి కార్యక్రమం ఎన్‌పీటెల్ నడిపే మేనేజ్‌మెంట్ కోర్సు ఒకటి ఎంచుకోండి. ఎనిమిది లేదా పన్నెండు వారాలు ఉంటుంది. నమోదు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం నిర్ణీత రుసుము కట్టి పరీక్షా కేంద్రంలో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆపరేషన్స్, క్వాలిటీ, అకౌంటింగ్ లాంటి మీ పనికి దగ్గరి విషయం తీసుకోండి. వారంవారం అసైన్‌మెంట్లు గడువులోగా సమర్పించగలిగితే పెద్ద కోర్సు కూడా లాగగలరు. నాలుగో వారానికే వదిలేస్తే, ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోండి. సమయం చాలలేదా, ఇంగ్లిష్ ఇబ్బంది పెట్టిందా? ఇంగ్లిష్ సమస్య అయితే కోర్సును వాయిదా వేసి, ఆరు నెలలు దాని మీద పెట్టడం తెలివైన పని.

4. గుర్తింపును స్వయంగా సరిచూసుకోండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరికి ఉంటుందో యూజీసీ చట్టం 1956, సెక్షన్ 22 చెబుతోంది: కేంద్ర లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ విశ్వవిద్యాలయం, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా అధికారం పొందిన సంస్థ. ఈ మూడింటిలో లేనిది ఏదైనా, దాని పేరులో "యూనివర్సిటీ" అని ఉన్నా, "ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంపార్టెన్స్" తరహాలో బోర్డు పెట్టుకున్నా, డిగ్రీ ఇవ్వలేదు. యూజీసీ ఎప్పటికప్పుడు ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ చిరునామాలు కూడా కనిపిస్తుంటాయి. ఆ జాబితాను ముందు చూడండి.

తర్వాత యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఈ నాలుగు ప్రశ్నలకు ఇదే వరుసలో జవాబు వెతకండి:

అ) విశ్వవిద్యాలయం పేరు ఉందా?
ఆ) మీరు చేరబోయే కోర్సు పేరు అదే మాటల్లో ఉందా? బీకామ్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన ఎంబీఏకు ఉన్నట్టు కాదు.
ఇ) మీరు చదవబోయే విధానానికి అనుమతి ఉందా? దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు.
ఈ) మీరు చేరబోయే విద్యా సంవత్సరానికి, ఆ సెషన్‌కు అనుమతి ఉందా? మొన్నటి సెషన్‌కు ఉన్న అనుమతి ఈ సెషన్‌కు లేకపోవచ్చు.

నాలుగింటికీ అవునని తేలితేనే ముందుకు వెళ్లండి. ఆ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, సర్టిఫికెట్ల ఫోల్డర్‌లోనే భద్రపరచండి. అయిదేళ్ల తర్వాత ఏదో ఒక హెచ్‌ఆర్ విభాగం అడిగినప్పుడు మీరు చేరిన నాటికి అనుమతి ఉందని చూపించడానికి అదే ఆధారం.

అనుమతి లేకపోతే పరిణామం ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడాలి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలపై ఇచ్చిన తీర్పు అది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు సస్పెండ్ చేసి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గితేనే పునరుద్ధరిస్తామంది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దే చేసింది. పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో ఏళ్ల తరబడి కొనసాగుతున్నవారు కూడా అందులో ఉన్నారు.

ఇక్కడ మనవాళ్లు తరచుగా పొరపడే మాటలు కొన్ని ఉన్నాయి. ఐఎస్‌ఓ 9001 ధ్రువీకరణ, ఎంఎస్‌ఎంఈ నమోదు, సొసైటీ రిజిస్ట్రేషన్, నీతి ఆయోగ్ పోర్టల్‌లో పేరు, ఇవేవీ విద్యార్హతకు గుర్తింపు కావు. నాక్ గ్రేడు నాణ్యతకు కొలమానమే తప్ప, ఫలానా కోర్సు నడపడానికి అనుమతి కాదు. ఫ్రాంచైజీ పద్ధతిలో స్టడీ సెంటర్లు నడపడం నిషేధం. కాబట్టి ఏదో కోచింగ్ సెంటర్ మేడ మీద "పది యూనివర్సిటీల అడ్మిషన్లు ఇక్కడ" అన్న బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి. "వన్ సిట్టింగ్ డిగ్రీ" గురించి చెప్పనవసరమే లేదు.

సర్టిఫికెట్ కోర్సు, డిప్లొమా, డిగ్రీల మధ్య తేడా కూడా గుర్తుంచుకోండి. ఐఐఎంలు ఉద్యోగుల కోసం ఆన్‌లైన్‌లో నడిపే కొన్ని నెలల ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాములు బాగానే ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు చివర్లో వచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. ఐఐఎంలకు 2017 చట్టంతో డిగ్రీలిచ్చే అధికారం వచ్చిన మాట నిజమే, దానర్థం వారి ప్రతి కోర్సూ డిగ్రీ అని కాదు. మీ ప్రకటనల కాగితంలో "ఎంబీఏ" అని ఉంటే సర్టిఫికెట్ చెల్లదు. కంపెనీ ఖర్చు పెట్టుకుని పంపిస్తే మాత్రం వదులుకోకండి.

వృత్తి నైపుణ్య సర్టిఫికెట్లకు తనిఖీ వేరే చోట చేయాలి. వృత్తివిద్యకు జాతీయ నియంత్రణ సంస్థ అయిన ఎన్‌సీవీఈటీ ఆమోదించిన అర్హతలన్నీ జాతీయ అర్హతల రిజిస్టర్‌లో ఉంటాయి. అర్హత పేరు, దాని ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) స్థాయి, చెల్లుబాటు గడువు అక్కడ కనిపిస్తాయి. గతంలో పది స్థాయిలుగా ఉన్న ఆ చట్రం ఇప్పుడు ఎనిమిది స్థాయిలకు మారింది. పాత సర్టిఫికెట్ మీద ఉన్న అంకెను కొత్త పట్టికతో నేరుగా పోల్చి "నాది డిగ్రీ స్థాయి" అనుకోవడం పొరపాటు.

5. పేరు, పుట్టిన తేదీ, ఐడీలు

చిన్న సంగతిలా కనిపించినా, ప్రవేశాలు ఆగిపోయేది ఎక్కువగా దీనివల్లే. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, కొన్నిసార్లు చివర్న ఉంటుంది. డిగ్రీ మెమోలో తండ్రి పేరు కూడా వచ్చి చేరుతుంది. ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు), దూరవిద్యలో చేరేవారికి 2024 నుంచి తప్పనిసరి అయిన డెబ్ ఐడీ, రెండూ ఆధార్ వివరాలతోనే తయారవుతాయి. కాబట్టి ఐడీ తీసుకోవడానికి ముందే ఆధార్‌లో పేరును పదో తరగతి మెమోకు అనుగుణంగా మార్పించుకోండి. మెమోను మార్చడం కంటే ఆధార్‌ను మార్చడం చాలా తేలిక. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళలు గెజిట్ ప్రకటన లేదా వివాహ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి.

సరిచూసుకోవడానికి: డిజిలాకర్‌లోకి వెళ్లి, ఏబీసీ ఐడీ కార్డు మీద ఉన్న పేరును పదో తరగతి మెమో పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఒక "ఐ" తక్కువైనా ఇప్పుడే సరిచేసుకోండి.

6. చేరే ముందే సంస్థ అనుమతి తీసుకోండి

ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలు, ఆర్టీసీ, విద్యుత్ సంస్థల వంటి చోట్ల పనిచేసేవారు చదువు మొదలుపెట్టే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా చదివిన అర్హతను సర్వీసు రిజిస్టర్‌లో నమోదు చేయడానికి నిరాకరిస్తే, తర్వాత వాదించి గెలవడం కష్టం. దరఖాస్తులో కోర్సు పేరు, విశ్వవిద్యాలయం, విధానం, పరీక్షలు జరిగే నెలలు రాసి, కార్యాలయ పనివేళలకు భంగం కలగదని స్పష్టం చేయండి. ఇన్‌వార్డ్ నంబరు వేయించుకున్న ప్రతిని దాచుకోండి.

ప్రైవేటు సంస్థల్లో అనుమతి తప్పనిసరి కాకపోవచ్చు. అయినా మీ పైఅధికారికి ఒక మెయిల్ పెట్టండి. పరీక్షల సమయంలో సెలవు, తొమ్మిదో మెట్టులో చెప్పబోయే ప్రాజెక్టుకు లోపలి లెక్కలు వాడుకోవడానికి అంగీకారం, రెండూ ఆ మెయిల్ మీదే ఆధారపడతాయి.

7. ప్రవేశం, ఫీజు

ఫీజును విశ్వవిద్యాలయం సొంత పోర్టల్‌లో మాత్రమే చెల్లించండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు పంపిన డబ్బుకు రసీదు ఉండదు, వాపసూ ఉండదు. "ఈ రోజు రాత్రి పన్నెండు లోపు చేరితే రాయితీ" అన్న ఒత్తిడికి లొంగకండి. ఆన్‌లైన్ ఎంబీఏ అమ్మేవారు "నో కాస్ట్ ఈఎంఐ" అన్నప్పుడు, సాధారణంగా అది ఏదో ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే రుణమని గ్రహించండి. చదువు మధ్యలో మానేసినా ఆ వాయిదాలు ఆగవు, కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

ఎక్కడ చేరాలని అడిగేవారికి నా జవాబు సూటిగా ఉంటుంది. లోపలి ప్రమోషన్ కోసమే అయితే ఖరీదైన ఆన్‌లైన్ ఎంబీఏ అవసరం లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలున్న ఇగ్నో కానీ, 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాద్‌లో మొదలైన అంబేద్కర్ విశ్వవిద్యాలయం కానీ, రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యా కేంద్రాలు కానీ సరిపోతాయి. నాలుగో మెట్టులోని నాలుగు ప్రశ్నలు వీటికీ వర్తిస్తాయి, పేరున్న సంస్థ కదా అని వదిలేయకండి.

8. చదువు సాగించడం

ఇక్కడ విషయం చిన్నదే, తప్పులే ఎక్కువ. ఇగ్నోలో చేరినవారికి అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం వెయిటేజీ. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. చాలామంది పరీక్ష బాగా రాసి, అసైన్‌మెంట్ ఇవ్వక, ఆ సబ్జెక్టు పూర్తికాకుండానే మిగుల్చుకుంటారు. మరికొందరు కోర్సు ఫీజు కట్టాం కదా అని పరీక్ష ఫారం విడిగా నింపి రుసుము కట్టడం మరచిపోతారు. తర్వాతి సెమిస్టర్‌కు రీ-రిజిస్ట్రేషన్ చేయకపోవడం మూడో పొరపాటు. ఈ మూడు గడువులనూ ఫోన్ క్యాలెండర్‌లో పదిహేను రోజుల ముందు గుర్తుచేసేలా పెట్టుకోండి.

అసైన్‌మెంట్లు సొంత దస్తూరితో రాయాలన్న నిబంధన ఉన్నచోట జిరాక్సు షాపుల్లో దొరికే రాసిపెట్టిన కట్టలు కొనకండి. సమర్పించినప్పుడు రసీదు లేదా పోర్టల్ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

షిఫ్టుల్లో పనిచేసేవారు "రోజూ రెండు గంటలు" అన్న ప్రణాళిక వేసుకోవద్దు, అది రెండో వారానికే చెడిపోతుంది. నైట్ షిఫ్ట్ వారంలో చదువు పెట్టుకోకుండా, జనరల్ షిఫ్ట్ వారంలో ఎక్కువ గంటలు పెట్టుకోవడం నిలబడుతుంది.

9. ప్రాజెక్టు: అసలు లాభం వచ్చేది ఇక్కడే

ఎంబీఏ చేసిన ఉద్యోగుల్లో ఎక్కువమంది ప్రాజెక్టును చివర్లో తప్పించుకోవలసిన తద్దినంలా చూస్తారు. అమీర్‌పేటలో ప్రాజెక్టు రిపోర్టులు తయారుగా దొరుకుతాయన్నది అందరికీ తెలిసిందే. నా దృష్టిలో మాత్రం, పనిచేస్తూ చదివేవారికి కాలేజీ విద్యార్థి మీద ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం ఈ ప్రాజెక్టే. వారికి దొరకని లెక్కలు మీ టేబుల్ మీదే ఉన్నాయి.

అంశం ఎలా ఎంచుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. పటాన్‌చెరులో ఒక మాత్రల తయారీ యూనిట్‌లో ప్యాకింగ్ విభాగం సూపర్‌వైజర్ ఉన్నారనుకోండి. "ఉద్యోగుల సంతృప్తిపై ఒక అధ్యయనం" అన్న శీర్షిక పెడితే వంద మందికి ప్రశ్నావళి పంచి, "72 శాతం సంతృప్తిగా ఉన్నారు" అని తేల్చడంతో సరి, ఆ అంకెతో ఎవరికీ పని లేదు. అదే సూపర్‌వైజర్ "మొదటి, రెండో షిఫ్టుల మార్పిడి సమయంలో ప్యాకింగ్ లైను ఆగిపోవడానికి కారణాలు" అని తీసుకుంటే పరిస్థితి వేరు. లైను ఆగిన సమయాలు లాగ్‌బుక్‌లో ఉన్నాయి. ఆరు వారాల నమోదులు తీసి, ప్రతి ఆగుడుకు ఎదురుగా కారణం రాయాలి: బ్యాచ్ కోడింగ్ మార్పు, లైన్ క్లియరెన్స్ సంతకం పెట్టే క్యూఏ (నాణ్యత విభాగం) వ్యక్తి కోసం ఎదురుచూపు, కార్టన్లు స్టోర్స్ నుంచి రాకపోవడం. ఏ కారణానికి ఎన్ని నిమిషాలు పోయాయో కలిపితే, మొదటి రెండు కారణాల దగ్గరే ఎక్కువ నష్టం ఉందని తేలవచ్చు. ఆ రెండింటికి ఒక మార్పు ప్రతిపాదించి, మళ్లీ ఆరు వారాలు కొలవాలి. పుస్తకంలో పారెటో విశ్లేషణ అని చదివింది ఇదే.

జాగ్రత్తలు: సినాప్సిస్ (ప్రాజెక్టు ప్రతిపాదన సంక్షిప్త పత్రం) ఆమోదం రాకముందే నివేదిక రాయకండి. గైడ్‌కు విశ్వవిద్యాలయం కోరిన అర్హత, అనుభవం ఉన్నాయో లేదో చూసి, ఆయన బయోడేటాపై సంతకం తీసుకోండి. సినాప్సిస్‌లు తిరిగి రావడానికి ఇదొక ముఖ్య కారణం. కంపెనీ పేరు, ఉత్పత్తి పేరు, కస్టమర్ వివరాలు బయటపెట్టడానికి లిఖిత అనుమతి లేకపోతే "ఒక ఫార్ములేషన్ యూనిట్" అని రాస్తే చాలు. అసలు అంకెలు ఇవ్వకూడదంటే సూచికలుగా మార్చి ఇవ్వండి. ఆ సంగతి నివేదికలో చెప్పండి.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష: నివేదికలోని ముఖ్యాంశాన్ని ఒక్క పేజీలో రాసి మీ ప్లాంట్ హెడ్ ముందు పెట్టండి. ఆయన ఒక్క ప్రశ్నైనా అడిగితే ప్రాజెక్టు సరైన దారిలో ఉన్నట్టు. చదివి పక్కన పెట్టేస్తే అంశం మార్చుకోవడం గురించి ఆలోచించండి. ప్రమోషన్ ఇంటర్వ్యూలో మీరు మాట్లాడబోయేది ఈ ఒక్క పేజీ గురించే.

10. పట్టా వచ్చాక

గ్రేడ్ కార్డులో ప్రతి సబ్జెక్టు ఎదురుగా పూర్తయినట్టు చూపిస్తోందో లేదో చూడండి. ఏదైనా పూర్తికాలేదని చూపిస్తే, అసైన్‌మెంట్ మార్కులు ఎక్కకపోవడమే తరచుగా కారణం. ఎనిమిదో మెట్టులో దాచుకున్న రసీదుతో ప్రాంతీయ కేంద్రాన్ని వెంటనే సంప్రదించండి, ఏళ్లు గడిస్తే రికార్డు దొరకదు. పట్టా డిజిలాకర్‌లోని జాతీయ అకడమిక్ డిపాజిటరీలో కనిపించే వరకు పని పూర్తికానట్టే లెక్క. ఆ తర్వాత ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో ప్రతులతో హెచ్‌ఆర్‌కు దరఖాస్తు ఇచ్చి, సర్వీసు రికార్డులో నమోదైన పేజీ ప్రతి అడగండి.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవారు చేరే ముందే ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. అక్కడి కొన్ని దేశాల్లో దూరవిద్య డిగ్రీలకు గుర్తింపు దొరకడం కష్టం. వెళ్లబోయే దేశం నిబంధన కనుక్కున్నాకే విధానం ఎంచుకోండి. సౌదీ, ఒమాన్, బహ్రెయిన్‌లకు విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ (పత్రం అసలుదేనన్న అంతర్జాతీయ ధ్రువీకరణ) సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకైతే రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత రాయబార కార్యాలయ ముద్ర అన్న వరుస తప్పదు.

బ్రిటన్‌లో ఉన్నవారిని, గల్ఫ్‌లో ఉన్నవారిని ఆకర్షిస్తున్న మరో అర్హత "లెవెల్ 5", "లెవెల్ 7" మేనేజ్‌మెంట్ డిప్లొమాలు. ఇంగ్లండ్‌లో ఇవి నిజమైన వృత్తి అర్హతలే, సీఎంఐ (చార్టర్డ్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) వంటి సంస్థలు ఇస్తాయి, అక్కడి అర్హతల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ రిజిస్టర్‌లో పేరు వెతికి సరిచూసుకోవచ్చు. లెవెల్ 7 అంటే కాఠిన్యంలో మాస్టర్స్ స్థాయి అని మాత్రమే అర్థం, అది మాస్టర్స్ డిగ్రీ కాదు. బ్రిటన్‌లోనే ఉద్యోగం చేసేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది, పైగా యాజమాన్యమే ఖర్చు భరించే అవకాశం ఉంటుంది. భారతదేశానికి తిరిగొచ్చి ఎంబీఏ స్థానంలో చూపించాలనుకునేవారు, విదేశీ అర్హతల సమానత్వంపై యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు చదివి, సమానత్వ పత్రం వచ్చే అవకాశం ఉందో లేదో తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.